చదరపు మీటర్ల సాల్మన్

సాల్మన్ ఎవరేం చెప్పినా నమ్ముతాడు, ఒక్క ఎత్తూ బరువూ తప్ప. బస్సు ఐదు నిమిషాల్లో వస్తుందంటే నమ్మి బస్టాండులో గంట నిలబడతాడు. ఎండు ఉసిరికాయలు తింటే బట్టతల మీద జుట్టు మొలుస్తుందని ఎవరో చెబితే నమ్మి ఏడాది పొడుగునా నమిలాడు. కానీ ఎవరైనా వచ్చి "నేను ఐదున్నర అడుగులు, అరవై కిలోలు" అన్నారా, కన్నతల్లి అయినా సరే, చెప్పులు విప్పి గోడకు ఆనుకుని నిలబడమంటాడు.

కరీంనగర్‌లో ఒక గుండె ఆసుపత్రి రెండో అంతస్తులో ఆయన ఎకో తీస్తాడు. అంటే రొమ్ము మీద జిగురు రాసి, చేతిలో ఇమిడే ఒక పరికరం ఆనించి, గుండె కొట్టుకునే తీరునూ దాని నాళాల వెడల్పునూ తెర మీద కొలిచే పని. పక్క కుర్చీలో కూర్చుని ఆ కొలతల్ని టైపు చేయడం హుస్నాబాద్ నవనీత పని. సాల్మన్ గురించి నాకు తెలిసిందంతా ఆమె చెప్పగా తెలిసిందే. ఆమె చెప్పేటప్పుడు మొదట తిట్టి, తర్వాత నవ్వేది.

నవనీత ఇక్కడికి కొత్తగా వచ్చిందే కానీ పనికి కొత్త కాదు. అంతకు ముందు ఏడేళ్లు వేరే ఊళ్లో ఒక స్కానింగ్ సెంటర్లో రిపోర్టులు టైపు చేసింది. అక్కడి కంప్యూటర్లో ఎత్తు దగ్గర నూట అరవై సెంటీమీటర్లనీ బరువు దగ్గర అరవై కిలోలనీ ముందే పడి ఉండేవి. వాటిని మార్చే తీరిక ఎవరికీ లేదు. ఏడేళ్లలో ఆమె చేతి మీదుగా వెళ్లిన వేలమంది ఆడా మగా, ముసలీ ముతకా, అందరూ ఒకే ఎత్తు, ఒకే బరువు. ఇదేమిటని ఒక్కరూ అడగలేదు.

ఇక్కడ మొదటి రోజే సాల్మన్ రెండు రిపోర్టులు పట్టుకుని వచ్చాడు. ఒకటి గుమ్మంలోంచి తల వంచి లోపలికి వచ్చిన హనుమండ్లుది. రెండోది, మంచం ఎక్కడానికి పీట వేయించుకున్న యాదవ్వది.

"నవనీతమ్మా, వీళ్లిద్దరు కవలలా?"

"కాదు సారూ. ఎందుకట్ల అడుగుతున్నరు?"

"ఇద్దరూ నూట అరవై, ఇద్దరూ అరవై కిలోలున్నరు. ఒక్క కాన్పుల పుట్టిన్రేమో అనుకున్న."

"అందరికి గట్లనే ఏస్తం సారూ. గుండె కొలత ముఖ్యం గని, గీ ఎత్తు బరువెవలు చూస్తరు?"

ఆ మాట ఎందుకన్నానా అని ఆమె మధ్యాహ్నం దాకా బాధపడింది. అన్నం డబ్బా మూత కూడా తీయనివ్వకుండా సాల్మన్ పాఠం చెప్పాడు. "ఒకరింట్ల యాభై మందికి వండే పెద్ద గిన్నె, గంజు ఉన్నదనుకో. ఇంట్ల యాభై మందుంటే ఫికర్ లేదు. ఇద్దరే ఉంటే? గిద్దరికి గింత గంజెందుకని అడగాలె గదా. గుండె మీది పెద్దనాళం గూడ గంతే. దాని కొలతొక్కటే చూస్తే ఏం తెల్వది. అది ఎవ్వరి ఒంట్ల ఉన్నదో చూడాలె." అందుకని ఎత్తునూ బరువునూ గుణించి, మూడువేల ఆరువందలతో భాగించి, దానికి వర్గమూలం కడితే ఒంటి వైశాల్యం చదరపు మీటర్లలో వస్తుందట. నాళాన్ని దాంతో సరిచూడాలట. ఈ లెక్క ఆయన కాగితం లేకుండా కడతాడు.

అలా కట్టి ఊరుకుంటే గొడవే లేదు. పైకి చెబుతాడు. ఒకసారి ఒక ప్లాట్ల వ్యాపారితో "మీ ఒళ్లు ఒకటి పాయింట్ ఆరు ఏడు చదరపు మీటర్లు" అన్నాడు.

"గజాల్ల చెప్పు సారూ, మీటర్లు మాకు తెల్వయి."

సాల్మన్ కళ్లు మూసుకుని లెక్క కట్టాడు. "రెండు గజాలు."

ఆ మనిషి మంచం మీద పడుకునే తన భార్య వైపు చూశాడు. "రెండు గజాలేనాట. ఇంత తిండి తిని రెండు గజాలేనా?" ఆ భార్య తనకెన్ని గజాలో చెప్పమని పట్టుబట్టింది. మొగుడికన్నా కొంచెం ఎక్కువే తేలేసరికి ఆ దంపతులు మాట్లాడుకోకుండా మెట్లు దిగారు. ఆ రోజు నుంచి ఆసుపత్రిలో ఆయన పేరు చదరపు మీటర్ల సాల్మన్.

జమ్మికుంట పత్తి యార్డులో కాంటా వేసే దశరథం వచ్చినప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. బరువెంత అని అడిగితే, "తరుగు తీసి చెప్పాల్నా, తియ్యకుంట చెప్పాల్నా?" అన్నాడు. పత్తిలో తేమ ఉంటుందని తూకంలో కొంత కోసేస్తారు కదా, తన ఒంట్లో కూడా నీళ్లున్నాయని డాక్టర్ చెప్పినప్పటి నుంచి అతను రెండు కిలోలు కోసి చెబుతున్నాడు. సాల్మన్ వాదించలేదు. తరుగు తీసిందీ తియ్యందీ రెండూ రాసుకుని, ఆనక మిషను ఎక్కించి మూడోది రాశాడు. "మా కాంటా తప్పంటవా?" అని దశరథం అడిగితే, "నీ కాంటా మంచిదే, నువ్వే తప్పు" అన్నాడు.

ఇదంతా నవనీత సహించేది. ఆమె సహించలేకపోయింది ఇంకొకటి. ప్రతి పేషెంటుకూ ముందు సాల్మన్ తానే తూకం మిషను ఎక్కుతాడు. ఎక్కి, వరండా అంతా వినబడేలా "సాల్మన్, తొంభై నాలుగు" అని అరుస్తాడు. మనిషి చూస్తే ఐదడుగుల మూడంగుళాలు, తొంభై నాలుగు కిలోలు. మిషను చిన్నగా మూలుగుతుంది, వరండాలో జనం నవ్వుతారు. ఆయన దిగుతాడు, పేషెంటు ఎక్కుతాడు. వాళ్ల బరువు మాత్రం ఆయన పైకి చదవడు, వంగి చూసి రాసుకుంటాడు. తర్వాత పేషెంటు వెంట వచ్చినవాళ్లను ఎక్కిస్తాడు. ఛాయ్ తెచ్చిన మనిషిని ఎక్కిస్తాడు. మళ్లీ ఇంకో పేషెంటు, మళ్లీ సాల్మన్, మళ్లీ తొంభై నాలుగు.

"పొద్దుగాల గంతే గదా సారూ," అంది నవనీత ఒకనాడు. "పది నిమిషాలల్ల ఏం తగ్గుతరు?"

"మిషను చెక్ చేస్తున్నమ్మా."

"మొన్ననే కంపెనోళ్లు వచ్చి చెక్ చేసిపోయిన్రు."

"వాళ్లను ఎవలు చెక్ చేసిన్రు?"

డాక్టర్ శ్యాంసుందర్‌నూ వదల్లేదు. ఆయన ఐదడుగుల పది అంగుళాలని పెళ్లినాటి నుంచి చెప్పుకుంటున్నాడు. సాల్మన్ గోడకు నిలబెట్టి ఎనిమిది అంగుళాలే అన్నాడు. డాక్టర్ బూట్లు వేసుకుని మళ్లీ కొలవమన్నాడు. సాల్మన్ కొలిచి, "బూట్లతోని తొమ్మిదున్నది సారూ, మీరు ఎనిమిదే" అన్నాడు. వరండా నవ్వింది. డాక్టరు కూడా నవ్వాడు కానీ ఆ రోజంతా కొంచెం మునివేళ్ల మీద నడిచాడు.

సాల్మన్ భార్య లిడియా ఒక ఆదివారం చర్చి అయ్యాక ఆసుపత్రి మీదుగా వెళ్తూ నవనీతతో తన మొర చెప్పుకుంది. "పెండ్లయి ఇరవై రెండేండ్లాయె చెల్లె. ఎట్లున్నవ్ అని ఒక్కనాడు అడగలే. ఎంతున్నవ్ అనే అడుగుతడు."

ఇంతకూ దీనివల్ల నష్టం ఏమిటంటే, వేరేచోట్ల రోజుకు ముప్పై ఎకోలు తీస్తుంటే సాల్మన్ పన్నెండు దాటడు. ఆసుపత్రి మేనేజరు సదానందం రోజూ సాయంత్రం పైకి వచ్చి గుమ్మంలో నిలబడతాడు. "సాల్మన్, ఎకో తియ్యమంటే ఊరందరి పెండ్లిచూపులు చేస్తున్నవేంది?" అంటాడు. సాల్మన్ ఆయన్ని కూడా మిషను ఎక్కమంటాడు. అందుకని సదానందం గుమ్మం దాటి లోపలికి రాడు.

అలాంటి వరండాలోకి ఒక సోమవారం గంగుబాయి వచ్చింది.

గంగుబాయిది మాటల్లో మరాఠీ కలిసే భైంసా. నలభై రెండేళ్ల మనిషి, బెంచీ మీద కూర్చుంటే కాళ్లు నేలకు అందవు. చిన్నప్పుడే ఎదుగుదల ఆగిపోయింది. భైంసాలో జాకెట్లు కుట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. మూడేళ్లుగా రొమ్ములో గుచ్చినట్టు నొప్పి. మూడుచోట్ల ఎకో తీయిస్తే, నాళం జర పెద్దగుంది, ఫికర్ లేదు, ఏడాదికోసారి చూపించుకో అన్నారు. ఈమధ్య నొప్పి వీపులోకి పాకుతోంది. కరీంనగర్‌లో చెల్లెలింటికి వచ్చి, అక్కడినుంచి ఒక్కతే ఇక్కడికి వచ్చింది.

"చెప్పులిడిసి గోడకు నిలవడమ్మా," అన్నాడు సాల్మన్.

"నకో దాదా. కొలుసుడు వద్దు. గివి తీస్కో." సంచిలోంచి మూడు పాత రిపోర్టులు తీసి ఇచ్చింది. "గిండ్ల అన్ని రాసున్నయి. ఆది పెట్టుకొని తీసెయ్."

నవనీతకు నవ్వొచ్చింది. కొత్త జాకెట్టు కుట్టించుకునేవాళ్లు కొలతకోసం సరిపోయిన పాత జాకెట్టు ఇస్తారే, అది ఆది. ఈమె పాత రిపోర్టును ఆది ఇస్తోంది. సాల్మన్ మాత్రం నవ్వలేదు. ఒక్కొక్కటే తిప్పి చూశాడు. మూడింటిలోనూ నూట అరవై సెంటీమీటర్లు. మూడింటిలోనూ అరవై కిలోలు.

"అమ్మా, నీ దుకాణానికి ఒకామె అస్తది. పక్కింటామె జాకెట్టు ఆది ఇచ్చి, గీ కొలతకు నాకు కుట్టు అంటది. కుడుతవా?"

"ఎట్ల కుడుత? భుజాలు జారిపోవా?"

"గీ మూడు రిపోర్టులు గట్ల కుట్టినయే. ఆది నీది కాదు."

గంగుబాయి ఆ కాగితాల వైపు చూసింది. ఆమెకు అర్థమైంది; అర్థం కావడం వేరు, మిషను ఎక్కడం వేరు. "చిన్నప్పుడు మా బాపు వెంట పత్తి యార్డుకు పోయిన," అంది. "హమాలోళ్లు నన్నెత్తి కాంటా మీద పెట్టిన్రు. అర బోరెం బస్తా గూడ లేదని యార్డంత నవ్విన్రు. గప్పటిసంది కాంటా ఎక్కలే. నేను ఊరందరి కొలతలు తీస్త దాదా. నా కొలత ఎవ్వరికియ్య."

గుమ్మంలోంచి సదానందం ఇదంతా విన్నాడు. "ఆమెనే వద్దంటుంది గద. అందరికేసినట్టు ఏసెయ్. బయట ఇంకా ఐదుగురున్నరు."

"గదే ఎయ్యి దాదా," అంది గంగుబాయి కూడా. నవనీత వేళ్లు అలవాటు కొద్దీ ఒకటీ ఆరూ మీదికి వెళ్లాయి.

సాల్మన్ ఎవరితోనూ వాదించలేదు. "సరే అమ్మా. నీ నంబరు ఆఖరికి పెడుత. జర బెంచి మీద కూసో," అన్నాడు. తర్వాత మిషను ఎక్కి, సాల్మన్ తొంభై నాలుగు అని అరిచాడు.

గంటన్నర గడిచింది. గంగుబాయి కాళ్లు ఆడిస్తూ చూస్తూనే ఉంది. లావుపాటి ఒకాయన ఎక్కాడు, ఎండిపోయిన ఒకామె ఎక్కింది, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన ఒకతను కొత్త బూట్లు విప్పనని కాసేపు మొండికేసి విప్పాడు. డాక్టర్ శ్యాంసుందర్ ఏదో ఫైలు కోసం వస్తే ఆయన్నీ సాల్మన్ నిలబెట్టాడు. ప్రతిసారీ ముందు సాల్మన్, ప్రతిసారీ తొంభై నాలుగు, ప్రతిసారీ నవ్వు. నాలుగోసారికి గంగుబాయి కూడా నవ్వింది.

ఆఖరుకు ముందు బుచ్చిరాములు వచ్చాడు, చక్రాల కుర్చీలో, కాలికి కట్టుతో. నిలబడలేడు కాబట్టి చేతులు చాపించి, ఈ కొస నుంచి ఆ కొసకు టేపుతో కొలిచి ఎత్తు లెక్కకట్టాలి. సాల్మన్ టేపు తీసి పెద్దాయన వేళ్ల దగ్గర పట్టి, ఇవతలి కొస గుంజాడు.

"అట్ల గుంజకు," అంది గంగుబాయి బెంచీ మీదినుంచి.

సాల్మన్ ఇంకొంచెం గుంజాడు.

"అయ్యో దేవా, అట్ల గుంజితే ఇంచు పోతదంటున్న గదా. టేపు ఇటు తే." బెంచీ దిగి వచ్చి ఆయన చేతిలోంచి లాక్కుంది. వెలుతురులో పట్టి చూసింది. "గిదెన్నేండ్ల టేపు? సాగి సాగి తాడైంది. గీ టేపుతోని నువ్వు డాక్టర్లకు లెక్కలు చెప్తున్నవా?"

ఊరందరి కొలతల్నీ అనుమానించిన సాల్మన్ తన టేపును ఏనాడూ అనుమానించలేదు. ఆయన మొహం చూసి నవనీత కీబోర్డు మీదికి తల వంచుకుంది. గంగుబాయి తన సంచిలోంచి సొంత టేపు తీసి, బుచ్చిరాములు చేతులు చాపించి, వీపు వెనకనుంచి మెత్తగా ఆనించి కొలిచింది. "అరవై ఐదు ఇంచులు. రాస్కో." తర్వాత టేపు చుట్టబోయి ఆగింది. వరండాలో అందరూ ఆమెనే చూస్తున్నారు. చెప్పులు విడిచి గోడ దగ్గరికి నడిచింది.

"చెల్లె, గీ కొస మడిమ కాడ పట్టు," అంది నవనీతతో. "నా కొలత నేనే తీసుకుంట."

నవనీత మోకాళ్ల మీద కూర్చుని కొస పట్టుకుంది. గంగుబాయి ఒక అట్టముక్క నెత్తిన అడ్డం పెట్టుకుని, టేపు మీద ఆ చోటు వేలితో పట్టి, పక్కకు జరిగి చదివింది. "యాభై ఒకటి."

ఇక మిషను. సాల్మన్ ముందు ఎక్కి, ఈసారి ఇంకా గట్టిగా అరిచాడు. వరండా నవ్వింది. ఆయన దిగాడు, గంగుబాయి ఎక్కింది. ఎవ్వరూ నవ్వలేదు, నవ్వాల్సిందంతా అప్పటికే సాల్మన్ మీద నవ్వేశారు. ఆయన అలవాటుగా వంగి చూసి రాసుకోబోతుంటే గంగుబాయే పైకి చదివింది. "గంగుబాయి, ముప్పై నాలుగు."

అప్పుడు నవనీతకు తట్టింది, ఇన్నాళ్లూ ఆయన చెక్ చేస్తున్నది మిషనును కాదని. నవ్వేవాళ్లు ఎలాగూ నవ్వుతారు, ఆ నవ్వేదో ముందు తన మీద అయిపోతే, తర్వాత ఎక్కేవాడు నిమ్మళంగా ఎక్కుతాడు. రోజుకు పన్నెండుసార్లు ఆ బొజ్జ వేసుకుని ఆయన చేస్తున్నది అదీ. ఆమెకు తన మీద తనకే సిగ్గేసింది.

లోపల తెర మీద నాళం నలభై మూడు మిల్లీమీటర్లు వచ్చింది. నూట అరవై, అరవై అయితే, జర పెద్దది, వచ్చే ఏడాది చూద్దాం అనొచ్చు. సాల్మన్ కళ్లు మూసుకున్నాడు. ఒకటి పాయింట్ ఒకటి చదరపు మీటర్లు. ఇద్దరున్న ఇంట్లో యాభై మంది గంజు. ఆ మాట పైకి అనకుండా లేచి, రిపోర్టులు పట్టుకుని డాక్టర్ గదికి నడిచాడు. శ్యాంసుందర్ మళ్లీ లెక్క కట్టి చూసి, హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసే డాక్టరుకు ఆ నిమిషంలోనే ఫోన్ చేశాడు. ఆలస్యమైతే నాళం చీలుతుంది, చీలితే మనిషి దక్కదు అన్నాడు.

"చస్తనా దాదా?" అని అడిగింది గంగుబాయి.

"చావవు. తెల్వకపోతే చద్దువు. తెలిసింది గదా."

ఒక్క సంగతి నవనీత ఎవరికీ చెప్పలేదు, నాకు తప్ప. పాత రిపోర్టుల్లో మొదటిది, మూడేళ్ల కిందటిది, ఆమె పనిచేసిన పాత సెంటర్‌దే. అడుగున టైపు చేసినవారి పేరు కూడా ఉంది. సాల్మన్ చేతిలో ఉండగా ఆమె చూసింది. డాక్టర్ బల్ల మీదికి మాత్రం రెండు రిపోర్టులే వెళ్లాయి. మొదటిదాంట్లోని నాళం కొలతను సాల్మన్ ఒక చీటీ మీద రాసి వాటికి గుచ్చాడు.

"సారూ, మొదటి రిపోర్టు?" అంది ఆమె సాయంత్రం.

"కొలత ఇచ్చిన గదా. కాగితమెందుకు?" జేబు మీద చెయ్యి వేసుకుని, ఇంటికి వెళ్లిపోయాడు. మర్నాడు నవనీత పొద్దున్నే వచ్చి, కంప్యూటర్లో ఎత్తు గడీ బరువు గడీ నింపకపోతే రిపోర్టు అచ్చు కాకుండా చేయించింది. సదానందం ఎంత అరిచినా మార్చలేదు.

నాలుగు నెలలకు గంగుబాయి మళ్లీ వచ్చింది. హైదరాబాద్‌లో ఉబ్బిన ముక్క తీసేసి కొత్త గొట్టం కుట్టారు. ఒళ్లు కొంచెం తేరుకుంది, రొమ్ము మీద నిలువుగా కుట్టు గుర్తు. సాల్మన్‌కు కొత్త టేపు తెచ్చింది. అడగకుండానే చెప్పులు విడిచి, మిషను ఎక్కి, ముప్పై ఆరు అని అరిచి, మంచం ఎక్కి పడుకుంది.

"ఎంతొచ్చింది దాదా?" అంది తెర వైపు మెడ తిప్పి.

"ఇరవై ఆరు. నీ ఒంటికి సక్కగ సరిపోయింది."

గంగుబాయి పెదవి విరిచింది. "పుట్టినప్పటిసంది నాకున్నయన్ని చిన్నయే. చేతులు చిన్నయి, కాళ్లు చిన్నయి. లోపల ఒక్కటంటే ఒక్కటి అందరికన్న పెద్దగున్నది. గది గూడ కోసి చిన్నగ కుట్టిన్రు."

సాల్మన్ బొజ్జ కదిలింది. ఆయన పళ్లు బిగించి తెర వైపే చూస్తున్నాడు కానీ చేతిలోని పరికరం వణకడం మొదలుపెట్టింది. నవనీత టైపు చేయడం ఆపేసి కొంగు నోట్లో కుక్కుకుంది.

"నవ్వకు దాదా," అంది గంగుబాయి. "కొలత తప్పు అస్తది."